జర్మనీలో పబ్లిక్ ఇన్సూరెన్సు, ఇంటర్నిస్టు, 12 స్థానాల కోడు

పబ్లిక్ ఇన్సూరెన్సు తీసుకునే డాక్టరు దొరకడం కష్టమని జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్లు బెంగపడుతుంటారు గానీ, అసలు కష్టం అక్కడ లేదు. ఈ దేశంలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆ బీమాలోనే ఉన్నారు కాబట్టి, చాలా క్లినిక్కుల బయట డాక్టరు పేరున్న పలక మీద ‘ఆల్లె కాస్సెన్’ అని, అంటే అన్ని పబ్లిక్ బీమా సంస్థల కార్డులూ చెల్లుతాయని, రాసే ఉంటుంది. కష్టమంతా ఆ తలుపు లోపల మనకు ‘టెర్మిన్’, అంటే అపాయింట్‌మెంటు, దొరకడంలోనే ఉంది. కుటుంబంతో సహా చాలా ఏళ్లుగా ఈ బీమాలో ఉన్నవాడిగా నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: హౌస్ డాక్టరు, అంటే ఏ జబ్బుకైనా మనం మొదట వెళ్లే డాక్టరు, రాసిచ్చే రిఫరల్ చీటీ మీద, అడిగితే, అక్షరాలూ అంకెలూ కలిసిన 12 స్థానాల కోడు ఒకటి వేసి ఇస్తారు. ఇక్కడ నాకు ఇంతగా అక్కరకొచ్చిన కాగితం ముక్క మరొకటి లేదు.

ఇంటర్నిస్టులలో, అంటే లోపలి అవయవాల జబ్బులు చూసే డాక్టర్లలో, రెండు రకాలవాళ్లు ఉంటారన్నది ముందే తెలుసుకోవడం మంచిది. ఒకరు హౌస్ డాక్టరుగానే పనిచేస్తూ జ్వరం, బీపీ, షుగరు వంటివన్నీ చూస్తారు. రెండోవారు గుండె, జీర్ణకోశం, కీళ్లవాతం వంటి ఏదో ఒక విభాగానికి పరిమితమై, సాధారణంగా రిఫరల్ మీదనే చూస్తారు. మా హౌస్ డాక్టరు మొదటి రకం ఇంటర్నిస్టే. మాకు అవసరం పడింది రెండో రకంవారితో.

నా భార్యకు రాత్రిపూట గుండెదడ మొదలైనప్పుడు, హౌస్ డాక్టరు ఈసీజీ తీసి, కంగారు పడవలసిందేమీ కనబడటం లేదని, అయినా కార్డియాలజిస్టుకు ఒకసారి చూపించడం మంచిదని చెప్పి రిఫరల్ ఇచ్చారు. ఆ సాయంత్రమే అపాయింట్‌మెంట్ల యాప్ తెరిచాను. మీ బీమా పబ్లిక్కా, ప్రైవేటా అని అది మొదటి ప్రశ్నగా అడుగుతుంది. పబ్లిక్ అని నొక్కితే మా ఊరి క్లినిక్కులలో తేదీలు నాలుగైదు నెలల అవతల కనిపించాయి. ఊరికే చూద్దామని ప్రైవేట్ అని మార్చి నొక్కితే, అదే డాక్టరు దగ్గర, వచ్చే మంగళవారం ఉదయం ఖాళీ ఉందని చూపించింది. నెలనెలా జీతంలోంచి బీమా సొమ్ము కోతపడుతున్న మనిషికి ఆ తెర చూస్తే ఒళ్లు మండకుండా ఉండదు. ఇంటికి దగ్గరలో ఉన్న మరో క్లినిక్కుకు ఫోన్ చేస్తే, పబ్లిక్ వాళ్లలో కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదని మర్యాదగానే చెప్పి పెట్టేశారు.

కోడు సంగతి హౌస్ డాక్టరు దగ్గర కౌంటరులో కూర్చునే ఆవిడ చెప్పింది. డాక్టరును అడిగి, ఆ కోడుతో రిఫరల్ చీటీని మళ్లీ ప్రింటు చేసి ఇచ్చి, అపాయింట్‌మెంట్లు కుదిర్చే సర్వీసు నంబరు 116117కు ఫోన్ చేసి గానీ, వాళ్ల వెబ్‌సైటులో గానీ దాన్ని ఇవ్వమంది. కోడు, మా పోస్టల్ కోడు నమోదు చేయగానే కొన్ని తేదీలు వచ్చాయి. రెండు వారాలలోపు తేదీ ఒకటి ఎంచుకున్నాం. విచిత్రమేమిటంటే, ఆ తేదీ ఇచ్చినది ఫోనులో మమ్మల్ని కాదన్న క్లినిక్కే. వెళ్లిన రోజున కార్డు మిషనులో పెట్టి చూశారు, చీటీ తీసుకున్నారు, ఈసీజీ, ఎకో అయ్యాక గుండె లయను 24 గంటలపాటు నమోదు చేసే హోల్టర్ పరికరం కట్టి పంపారు. తలుపు దాటేటప్పుడు మా చేతిలో బిల్లు లేదు, ఆ తరువాతా రాలేదు. దడకు పెద్ద కారణమేమీ లేదని తేలింది.

కాదన్నవాళ్లే ఎలా ఔనన్నారన్నది ఆ తరువాత చదివితే అర్థమైంది. పబ్లిక్ పేషెంటుకు క్లినిక్కుకు దక్కే సొమ్ము మూడు నెలల క్వార్టరు లెక్కన, చాలావరకు ఒక పరిమితికి లోబడి ఉంటుంది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం, ఈ సర్వీసు ద్వారా వచ్చిన పేషెంటుకు ఆ పరిమితితో సంబంధం లేకుండా చెల్లిస్తారు. ఎంత త్వరగా చూస్తే అంత ఎక్కువ కలుస్తుంది. అంటే కోడు చేసింది మహిమేమీ కాదు, మమ్మల్ని గిట్టుబాటయ్యే పేషెంట్లను చేసింది, అంతే.

అయితే నా మెచ్చుకోలును కొంత తగ్గించుకోక తప్పదు. ఈ సర్వీసు నాలుగు వారాలలోపు తేదీ ఇప్పించాలన్న నియమం ఉంది, కానీ అది ఎవరో ఒక కార్డియాలజిస్టుకే గాని, మనం కోరుకున్న డాక్టరుకు వర్తించదు. రొటీన్ చెకప్పులకు ఆ గడువూ లేదు. మాకు దగ్గరి క్లినిక్కు రావడం అదృష్టమే. నా సహోద్యోగి ఒకరు కీళ్లవాతం డాక్టరు కోసం ఊరికి ఆ చివరన ఉన్న చోటికి లోకల్ రైల్లో గంటసేపు ప్రయాణించవలసి వచ్చింది. పైగా కోడు ఒక్క అపాయింట్‌మెంటుకే పనికొస్తుంది. ఆరు నెలల తరువాత మళ్లీ రమ్మన్న డాక్టరు దగ్గరే, తిరిగి చూపించుకునే తేదీ కోసం మేము మామూలు వరుసలోనే నిలబడ్డాం. అడిగిన ప్రతివారికీ హౌస్ డాక్టరు కోడు ఇవ్వరు కూడా. అవసరం ఉందని వారికి అనిపించాలి.

ఈ అనుభవం తరువాత ప్రైవేటుకు మారతావా అని మిత్రులు అడిగారు. ఉద్యోగి అలా మారాలంటే జీతం ఒక హద్దు దాటాలి. 2025లో అది ఏడాదికి 73,800 యూరోలు. నా భార్యకు ఉద్యోగం లేదు, ఇద్దరు పిల్లలు. పబ్లిక్‌లో ముగ్గురికీ నా బీమా మీదనే అదనపు చందా లేకుండా బీమా వస్తుంది, ప్రైవేటులో తలకొక చందా కట్టాలి. 55 ఏళ్లు దాటాక ప్రైవేటు నుంచి వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. కాబట్టి మాకు ఇదే నయం. ఒంటరిగా ఉంటూ పెద్ద జీతం తీసుకునేవాళ్ల లెక్క వేరుగా ఉండవచ్చు. హౌస్ డాక్టరు ఇంకా కుదరనివాళ్లకు కోడు ఇచ్చేవారే ఉండరు గనుక, వాళ్లు ముందు ఆ పని చూసుకోవాలి. దానికి రిఫరల్, కోడు అక్కర్లేదు, అదే 116117కు ఫోన్ చేయవచ్చు.