చంబా జిల్లా: డల్హౌసీ దాటి రావి వెంబడి

హిమాచల్ ప్యాకేజీ యాత్రలలో చంబా జిల్లా అంటే డల్హౌసీ, ఖజ్జియార్‌లతోనే సరిపెట్టేస్తారు. ఆ జిల్లా చరిత్ర మాత్రం రావి నది వెంబడి పైకి వెళ్ళేవారికే కనబడుతుంది. దక్షిణాన ధౌలాధార్, నడుమ పీర్ పంజాల్, ఉత్తరాన జంస్కార్ శ్రేణులు ఉండగా, మొదటి రెండింటి మధ్య రావి ప్రవహిస్తుంది. పీర్ పంజాల్‌కు అవతల చీనాబ్ ఒడ్డున ఉన్న పాంగీ లోయ ఈ జిల్లాలోదే అయినా మరో లోకంలా ఉంటుంది.

పఠాన్‌కోట్‌లో రైలు దిగి, 120 కిలోమీటర్ల ఘాట్ రోడ్డులో ప్రభుత్వ బస్సు ఎక్కితే చంబా పట్టణం చేరవచ్చు. బస్సు నిదానమే, కానీ టాక్సీ ఖర్చుతో పోలిస్తే దానికే నా ఓటు.

1854లో బ్రిటిష్‌వారు చంబా రాజు నుండి అయిదు కొండలు తీసుకుని ఏర్పరచిన విడిది డల్హౌసీ. 1966 వరకు అది పంజాబ్‌లోని గురుదాస్‌పూర్ జిల్లాలో ఉండేది. దేవదారు చెట్ల నీడన నడక హాయిగా ఉంటుంది గాని, వేసవిలో గది అద్దెలకూ అందే సౌకర్యాలకూ పొంతన ఉండదు. లోయ కనిపించే గది అంటూ ఒక హోటల్‌వారు నా దగ్గర అదనంగా వసూలు చేసి, పార్కింగ్ గోడ కనిపించే గది ఇచ్చారు.

బసకు చంబా పట్టణమే మేలు. దాదాపు 1,000 మీటర్ల ఎత్తులోనే ఉండడం వల్ల చలి భరించదగినంతే ఉంటుంది, చౌగాన్ మైదానం చుట్టుపక్కల గదులు చౌకగా దొరుకుతాయి. బస్సు హారన్ల మోత మాత్రం తప్పదు. పదో శతాబ్దంలో రాజు సాహిల్ వర్మ రాజధానిని భర్మౌర్ నుండి ఇక్కడికి మార్చి, కుమార్తె చంపావతి పేరు పెట్టాడని చెబుతారు. పట్టణానికి నీటి కోసం రాణి ప్రాణత్యాగం చేసిందన్న గాథ సూయీ మాత పేరిట నేటికీ జాతరగా సాగుతోంది. లక్ష్మీనారాయణ ఆలయ సముదాయంలో మంచు జారిపోయేలా శిఖరాలపై అమర్చిన చెక్క గొడుగులు, గోపురాలకు అలవాటుపడిన మన కళ్ళకు కొత్తగా తోస్తాయి.

1908లో ప్రారంభమైన భూరీ సింగ్ మ్యూజియంకు తీరిక చేసుకుని వెళ్ళాలి. ఊటల దగ్గర నిలిపిన శిల్పఫలకాలు, శాసనాలు అక్కడ ఉన్నాయి. ఇక్కడి బొమ్మల కుట్టుపని గుడ్డ అయిన చంబా రుమాలును దగ్గరగా చూస్తే, రాసలీలలోని గోపికల కుట్టు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ముడి ఎక్కడా కనబడదు. బజారులో రుమాలు కొనేవారు ముందుగా ఇక్కడివి చూస్తే నాసిరకానికి మోసపోరు.

భర్మౌర్ దారి కష్టమైనదే. వానాకాలంలో కొండచరియలు విరిగిపడుతుంటాయి. అయినా అక్కడి చౌరాసీ ఆలయాల ప్రాంగణంలోని లక్షణాదేవి ఆలయం ఆ శ్రమకు తగినది. చెక్కిన దేవదారు ద్వారం దాటి లోపలికి వెళితే కంచు మహిషాసురమర్దిని దర్శనమిస్తుంది; పీఠంపై రాజు మేరు వర్మతోపాటు శిల్పి గుగ్గ పేరు కూడా చెక్కి ఉంది. అంత పాత విగ్రహంపై పనివాని పేరు నిలవడం అరుదు. అక్కడి వసతి సాదాసీదా, భోజనం రాజ్మా, అన్నం, రోటీ. జన్మాష్టమి నుండి రాధాష్టమి వరకు శివుని పవిత్ర సరస్సు మణిమహేశ్‌కు వెళ్ళే యాత్రికుల రద్దీలో గది దొరకడం కష్టం కనుక, చరిత్ర కోసం వెళ్ళేవారు ఆ రోజులు తప్పించడం మంచిది.

పాంగీకి చంబా వైపు నుండి వెళ్ళాలంటే 4,400 మీటర్లు దాటిన సాచ్ కనుమ ఎక్కాలి. మంచు వల్ల అది వేసవి చివర నుండి శరదృతువు వరకే తెరిచి ఉంటుంది కనుక, ఆ లోయను ఈ యాత్రలో ఇరికించకుండా విడిగా పెట్టుకోవాలి.