చిమ్నీ మోటారు కాలిపోయిందంటే నమ్మి ఇవ్వకండి - బరంపురం వైపు వాళ్ళకు హెచ్చరిక

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు ఉన్న మనవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. వంటింటి చిమ్నీ కంపెనీ పేరు, పక్కన సర్వీస్ సెంటర్ అని కొట్టి వెతికితే నెట్‌లో పైనే ఒక నంబరు వస్తుంది కదా, దాని సంగతి. అది కంపెనీ వాళ్ళది కాదు. ఏ కంపెనీ పేరు చెప్పినా "అవునండీ, మాదే" అంటారు.

మా అత్తయ్య వాళ్ళ చిమ్నీ స్విచ్ వేస్తే గుయ్యిమంటోంది గానీ బ్లోవర్, అంటే లోపల పొగని లాగే ఫ్యాను, తిరగట్లేదు. ఆ నంబరుకి ఫోన్ చేస్తే వచ్చినవాడు తెలుగువాడే, "మాది ఇచ్ఛాపురమే అమ్మా" అన్నాడు. మోటారు కాలిపోయిందన్నాడు, విప్పి పట్టుకుపోయాడు, సాయంత్రం కొత్తదని చెప్పి బిగించి 6,800 రూపాయలు యూపీఐలో వేయించుకున్నాడు. బిల్లు లేదు. పాత మోటారేదని ఆవిడ అడిగితే, "పాత సామాను మీకెందుకమ్మా, ఆడాళ్ళకి మోటార్ల గురించి ఏం తెలుస్తుంది?" అన్నాడు. అరవై దాటిన మనిషిని, ఆవిడ వంటింట్లోనే నిలబడి, ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి మరీ అన్నాడు. డబ్బు పోయినదాని కంటే ఆ మాటకే నాకు ఒళ్ళు మండుతోంది.

హుడ్, అంటే చిమ్నీ డబ్బా, విప్పి చూస్తే అది కొత్త మోటారు కాదు. అత్తయ్య వాళ్ళ పాతదే. పైన వెండిరంగు స్ప్రే కొట్టాడు. ఆ రంగు వైర్ల తొడుగు మీదికి కూడా కారింది. మోటారు బిగించే చెవుల సందుల్లో పాత జిడ్డు పచ్చగా గట్టిపడి అలాగే ఉంది, దాని మీదే రంగు పడింది. సీరియల్ నంబరు స్టిక్కరు గీకేశాడు. అందులో కొత్తది కండెన్సర్ ఒక్కటే, అంటే మోటారు కదలడానికి తోడ్పడే చిన్న భాగం. షాపులో రెండు వందలు కూడా ఉండదు.

గుయ్యిమని తిరగకపోతే ముందు అనుమానించాల్సింది ఆ కండెన్సర్‌నే. సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను కదలలేదు, మొదటి తోపు కండెన్సర్ వల్లే వస్తుంది. అది బలహీనపడితే కరెంటు వెళ్తుంది, మోటారు మూలుగుతుంది, అంతే. అలా మూలుగుతుండగా స్విచ్ వేసి వదిలేస్తే మాత్రం వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) వేడెక్కి నిజంగానే కాలుతుంది, కాబట్టి వెంటనే ఆపేయండి. ప్లగ్ పీకి, ఫిల్టర్లు తీసి, బ్లోవర్‌ని వేలితో తిప్పండి. సులువుగా తిరిగితే కండెన్సర్ వైపు చూడాలి. బిగుసుకుపోయి ఉంటే జిడ్డు గానీ, బేరింగు గానీ. గోపాల్‌పూర్ వైపు ఉప్పు గాలికి బేరింగు తుప్పు పట్టడం కూడా మామూలే. కాలిన వాసన వస్తేనో, మల్టీమీటర్‌లో వైండింగ్ తెగినట్టు చూపిస్తేనో మోటారు పోయిందనాలి. మూడు స్పీడుల్లో ఒక్కటే పనిచేయకపోతే స్విచ్చో, బోర్డులో రిలేనో (కరెంటు కలిపి తెంపే భాగం) ముందు చూడాలి, వెంటనే మోటారు మార్చేయకూడదు.

కండెన్సర్ మీద ఎన్ని మైక్రోఫారడ్లు (దాని సామర్థ్యం కొలత), ఎన్ని వోల్టులు అని రాసి ఉంటుంది. మైక్రోఫారడ్లు అంతే ఉన్నది వేయాలి, వోల్టులు తగ్గకూడదు. మైక్రోఫారడ్లు ఎక్కువున్నది వేస్తే బాగా లాగుతుందని చెప్పేవాళ్ళున్నారు. లాగదు, మోటారు వేడెక్కుతుంది. ప్లగ్ పీకినా దానిలో కరెంటు నిలవ ఉండొచ్చు, తెలియని వాళ్ళు కొనలు ముట్టుకోవద్దు.

వాడు చేసిన ఇంకో ఘోరం, సర్వీసింగ్ పేరుతో బ్లోవర్‌ని కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచడం. పైపూత పొరలుగా లేచిపోయింది. అల్యూమినియం మెష్ (జాలీ ఫిల్టరు) నల్లబడింది, కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. బ్లోవర్ రెక్కకి బ్యాలెన్స్ కోసం చిన్న ఇనుప క్లిప్పు ఉంటుంది, చెత్త అనుకున్నాడో ఏమో దాన్నీ పీకేశాడు. ఇప్పుడు మూడో స్పీడులో హుడ్ అంతా వణుకుతోంది. ఇలాగే వాడితే బేరింగు అరిగిపోతుంది. బ్లోవర్ కడిగేవాణ్ణి ఆ క్లిప్పు జోలికి వెళ్ళొద్దని ముందే చెప్పండి. ఇంట్లో కడుక్కునే స్టీలు బాఫిల్ ఫిల్టర్లకి వేడినీళ్ళు, గిన్నెల లిక్విడ్ వేసి అరగంట నానబెడితే చాలు. వేపుళ్ళు ఎక్కువ చేసే ఇంట్లో రెండు మూడు వారాలకోసారి కడగాలి. ఆటో క్లీన్ ఉందని వదిలేయకండి, అది లోపలి జిడ్డును కరిగించి కింద ఉండే నూనె కప్పులోకి దించుతుంది అంతే. ఆ కప్పు ఖాళీ చేయాల్సింది మనమే. బయటికెళ్ళే గొట్టాన్ని అది తాకదు.

సర్వీసుకి నంబరు వారంటీ కార్డు మీదిది గానీ, కొన్న బిల్లు మీదిది గానీ తీసుకోండి. చాలా కంపెనీలు మోటారుకి విడిగా ఎక్కువ ఏళ్ళ వారంటీ ఇస్తాయి, అత్తయ్య వాళ్ళకీ ఉంది, వాడు ఆ మాటే ఎత్తలేదు. విప్పకముందే సీరియల్ నంబరు ఫొటో తీయండి. కండెన్సర్ మీ కళ్ళ ముందే మీటర్ పెట్టి చూపించమనండి. మోటారు ఇల్లు దాటనివ్వకండి, మార్చితే పాతది మీ చేతికిచ్చాకే డబ్బు. జీఎస్టీ బిల్లు ఇవ్వనంటే పంపేయండి. ఇప్పటికే మోసపోయి ఉంటే యూపీఐ రసీదు, మోటారు ఫొటోలు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పొచ్చు.