మూడు పద్ధతులు కలిపిన ఇంటి చదువు కార్యక్రమం: చాలాకాలం వాడాక

బడికి పంపకుండా ఇంట్లోనే చదివించేవాళ్ళ కోసం ఒంగోలు చుట్టుపక్కల నడుస్తున్న కార్యక్రమం ఇది. పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకునే మాంటిస్సోరి సామగ్రి, ఇంగ్లండు విద్యావేత్త షార్లెట్ మేసన్ తరహాలో వినిపించి తిరిగి చెప్పించడం, మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు, ఈ మూడింటినీ కలిపి వారం వారం ప్రణాళిక పంపుతారు. రెండో తరగతి స్థాయి నుంచి ఆరు దాకా వాడాక తేలిందేమిటంటే, సబ్జెక్టుకో పద్ధతి పెట్టుకుంటే బాగా సాగుతుంది. ఒకే పాఠంలో రెండు పద్ధతులు దూర్చితే రెండూ చెడతాయి. వీళ్ళ ప్రణాళికలో ఆ దూర్చడం ఎక్కువ.

పెట్టిన డబ్బుకు ఫలితం కనిపించేది లెక్కల్లో. మాంటిస్సోరి పూసల పెట్టెలో ఒకట్లకు విడిపూసలు, పదికి కడ్డీ, వందకు చదరం, వెయ్యికి ఘనం ఉంటాయి. 304లోంచి 128 తీసేయమంటే, పుస్తకం పద్ధతి ఒక్కటే నేర్చిన పిల్లలు తరచుగా 224 రాస్తారు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తారన్నమాట. పూసలతో ఆ దారి మూసుకుపోతుంది. ముందున్నవి నాలుగే పూసలు, ఇవ్వాల్సింది ఎనిమిది, పదుల కడ్డీ ఒక్కటీ లేదు. వంద చదరాన్ని ‘బ్యాంకు’లో, అంటే విడిగా పెట్టుకున్న పూసల నిల్వలో ఇచ్చి పది కడ్డీలు తెచ్చుకోవాలి. అందులో ఒకటి మళ్ళీ ఇచ్చి పది పూసలు తెచ్చుకోవాలి. ఇప్పుడు చేతిలో 2 వందలు, 9 పదులు, 14 ఒకట్లు. తీసేస్తే 176. సున్నా ఉన్నచోట 9 ఎలా వచ్చిందో ఎవరూ వివరించక్కర్లేదు.

అయితే వీళ్ళు సోమ, మంగళవారాలు పూసలు పెట్టి, బుధవారానికే పుస్తకంలోని ‘అప్పు తెచ్చుకోవడం’లోకి దూకేస్తారు. మధ్యలో ఇంకో మెట్టు ఉండాలి: పూసలు మార్చిన ప్రతిసారీ, ఆ మార్పును అప్పటికప్పుడే పలక మీద అంకెల్లో రాయించడం. దీనికి కనీసం రెండు వారాలు ఇవ్వండి. మార్కాపురం పలకైతే చెరిపి మళ్ళీ రాసుకోవడం తేలిక. పూసలు చాలకపోతే చింతపిక్కలు వాడుకోవచ్చు, కాకపోతే కాస్త వేయించి ఆరబెట్టాలి, లేదంటే వానాకాలంలో పుచ్చుతాయి. ‘100’ అని అచ్చేసిన అట్టముక్కలు మాత్రం మొదట్లో బయటికి తీయొద్దు. పిల్లల కంటికి అది ఒక ముక్కే, వంద కాదు.

వేలితో తడిమి నేర్చుకునే తెలుగు గరుకు అక్షరాల కార్డులు పర్వాలేదు. ద, ధ, థ ఒకే వారంలో పెట్టడం మాత్రం అన్యాయం. ఒకదానికి కింద గీత, ఇంకొకదానికి గీతతో పాటు పొట్టలో చుక్క, అంతే తేడా. ఒకటి స్థిరపడ్డాకే రెండోది ఇవ్వాలి. సముద్రం గాలికి కార్డుల అంచులు లేస్తాయి, జిగురు దగ్గర పెట్టుకోండి.

వినిపించి చెప్పించడంలో నియమం చిన్నదే. ఒక్కసారే చదవాలి, పావుగంట మించకూడదు, పిల్లలు చెబుతుంటే మధ్యలో దిద్దకూడదు. ఇంత చక్కటి పద్ధతి కింద ఐదు ప్రశ్నల వర్క్‌షీట్ తగిలించారు! ప్రశ్నలు వస్తాయని తెలిసిన పిల్లలు కథ వినరు, జవాబులు ఏరుకుంటారు. తిరిగి చెప్పమంటే రెండు వాక్యాలతో సరిపెడతారు. ఆ కాగితాలు పక్కన పడేయండి. రాతలో చెప్పించడం పదేళ్ళు దాటాక మొదలుపెడితే చాలు.

ప్రకృతి పరిశీలన కాగితాలు ఎక్కడివో తెచ్చినట్టున్నారు. నవంబరు పేజీలో రాలుతున్న ఆకులు గీయమంటారు. మనకు నవంబరంటే ఈశాన్య రుతుపవనాల వానలు. వేప ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చిల్లో. పేజీల్లోని నెలలు కొట్టేసి, కిటికీలోంచి కనబడే చెట్టును బట్టి వాడుకోవడమే.

పరీక్షల సంగతి కార్యక్రమం దాదాపు పట్టించుకోదు. ఎన్‌ఐఓఎస్ (బడికి వెళ్ళనివాళ్ళకూ పరీక్షలు పెట్టే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ప్రాథమిక విద్యలో ఎ, బి, సి స్థాయిలు వరుసగా 3, 5, 8 తరగతులకు సమానం. పది స్థాయిలో చేరడానికి 14 ఏళ్ళు నిండాలి. అందులో ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ, మిగతాదంతా రాతపరీక్షలు, ప్రాక్టికల్స్. నోటితో అద్భుతంగా చెప్పే పిల్లలు గడియారం ముందు నాలుగు లైన్లు రాయడానికి తడబడతారు. అందుకే పరీక్షకు ఏడాది ముందు నుంచి వారానికో జవాబు టైము పెట్టి రాయించుకోండి. ప్రణాళికలో అది ఉండదు. చేరే ముందు పూసల పెట్టె విడిగా అమ్ముతారేమో అడగండి. చిన్న పిల్లలున్నవాళ్ళకు అదొక్కటీ కొనుక్కుంటే సరిపోవచ్చు.