బ్రాంచీలున్న హోమా, యజమాని ఉండే హోమా?

మంచం పట్టిన పెద్దవాళ్లకు విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో చూసుకునే హోమ్ (వృద్ధుల సంరక్షణ కేంద్రం) వెతికేవాళ్లు ముందు యజమాని ఎక్కడుంటారో అడగాలి.

ఒకే యజమానికి నాలుగైదు బ్రాంచీలుంటే మందుల చార్టు, బిల్లులు పద్ధతిగానే ఉంటాయి. చిక్కంతా మనుషులతోనే. ఒకచోట నర్సు సెలవు పెడితే ఇంకోచోటి నుంచి లాగుతారు, అక్కడ రాత్రికి ఒక్క ఆయా మిగులుతుంది. కదల్లేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడుతుంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోలేదంటే పుండు మొదలైనట్టే. ఎయిర్ బెడ్ (కరెంటు పంపుతో గాలి నింపే పరుపు) ఉన్నా తిప్పడం తప్పదు. తిప్పిన టైములు రాసే కాగితం చూపించమనండి. 10, 12, 2, 4 అని ఒక్క నిమిషం తేడా లేకుండా ఉంటే, పొద్దున్నే కూర్చుని నింపారేమో అనుమానించాల్సిందే.

యజమాని అక్కడే ఉండే ఒక్క హోమ్‌లో తప్పు త్వరగా కంట పడుతుంది. గంజి పట్టేటప్పుడు తల ఎత్తారా, తర్వాత అరగంటైనా అలాగే ఉంచారా అన్నది ఆయనే చూసుకోగలరు. లోటల్లా సామగ్రిలో. 2018 తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ లేకపోతే ఎయిర్ బెడ్‌లో గాలి కూడా నిలవదు.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవాళ్లకు, ఇన్సులిన్ ఉన్నవాళ్లకు రాత్రి కూడా నర్సు ఉండే బ్రాంచీయే మేలు. మిగతావాళ్లకు యజమాని ఉండే హోమే నయం. ఏదైనా సరే, చేర్చేముందు రాత్రి ఎనిమిది దాటాక ఒకసారి వెళ్లి చూడండి. నిర్లక్ష్యం కనిపిస్తే పెద్దవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.