మోకాలి మార్పిడి తర్వాత ఇంటికొచ్చే ఫిజియో, అటెండెంట్ ప్యాకేజీ: బెంగళూరులోని తెలుగు ఇళ్లకి ఎంతవరకు పనికొస్తుంది?

ఆస్పత్రిలో నర్సు పక్కనుండగా వాకర్‌తో కారిడార్ చివరిదాకా నడిచిన అమ్మ, డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక మంచం దిగనంటుంది. కాలు అదే, కుట్లూ అవే. తగ్గింది ధైర్యం. ఇంటికొచ్చే రికవరీ ప్యాకేజీ అసలు పని ఆ ధైర్యాన్ని తిరిగి తేవడం. అందుకే దాన్ని ఆ కొలతతోనే చూడాలి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు అపార్ట్‌మెంట్లలో పిల్లల దగ్గర ఉండి ఆపరేషన్ చేయించుకునే అనంతపురం, కడప, చిత్తూరు పెద్దవాళ్లకి ఇది మరీ ముఖ్యం. వాళ్లకి ఇక్కడ ఇరుగుపొరుగు లేరు, భాష సగమే తెలుసు.

ఇక్కడ చూస్తున్న ప్యాకేజీ మూడు వారాలది. పన్నెండు ఫిజియో విజిట్లు, పగలు పన్నెండు గంటలు అటెండెంట్, వారానికొక వీడియో కాల్, అద్దెకి వాకర్, కమోడ్ మీద పెట్టే ఎత్తు సీటు. సంస్థ పేరు రాయడం లేదు. ఇదే అచ్చులో చాలా ప్యాకేజీలు దొరుకుతాయి, అడగాల్సిన ప్రశ్నలూ అవే.

డబ్బుకి విలువ దక్కేది ఫిజియో దగ్గరే. మొదటి రోజే గోనియోమీటర్ (కీలు వంపుని డిగ్రీల్లో కొలిచే స్కేలు) పెట్టి మోకాలు ఎంత చాపుకుంటోందో, ఎంత వంగుతోందో కొలిచి నోట్‌బుక్‌లో రాస్తారు. మామూలుగా రెండో వారం చివరికి 90 డిగ్రీల దాకా వంగాలి, ఆరు నుంచి పన్నెండు వారాల్లో 110, 120 దాకా రావచ్చు. ఇంట్లో అందరూ వంగడం గురించే అడుగుతారు గానీ, ముందు చూడాల్సింది కాలు పూర్తిగా చాపుకోవడం. పది డిగ్రీల వంపు మిగిలిపోయినా నిలబడినంతసేపూ తొడ కండరం బిగిసే ఉంటుంది. నడక కుంటుతుంది, త్వరగా అలుపొస్తుంది. ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెట్టేది మనవాళ్లే. అక్కడ హాయిగా ఉంటుంది, కాలు మాత్రం ఆ వంపులోనే బిగిసిపోతుంది. చుట్టిన తువ్వాలు పెట్టాల్సింది మడమ కింద. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పి, మంచం పక్కన రాసి అంటించే ఫిజియో దొరికితే వదలకండి.

ఆ నోట్‌బుక్ వల్ల ఇంకో మేలుంది. నొప్పి తగ్గలేదు కాబట్టి ఏమీ బాగుపడలేదని పేషెంట్ అనుకుంటూ ఉంటారు. మొన్న 72 ఉన్నది ఇవాళ 80 అని తన కాలి అంకె తనకి చూపిస్తే నమ్ముతారు. కొలవకుండా ఇరవై నిమిషాలు కరెంటు మెషిన్ పెట్టి, పది నిమిషాలు కాలు ఆడించి వెళ్లిపోయే ఫిజియో వద్దు. కాలిని దానంతట అదే వంచే సీపీఎమ్ మెషిన్ అద్దెకిస్తామన్నా తొందరపడొద్దు, మామూలు మోకాలి మార్పిడిలో దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని పరిశోధనలు తేల్చాయి. చీలమండ దగ్గర పాదాన్ని పైకీ కిందకీ ఆడించడం, తొడ బిగించి ఐదు సెకన్లు పట్టి వదలడం, మంచం మీద మడమని జరుపుతూ మోకాలు వంచడం, ఒక్కోటి పదిసార్లు, రోజుకి మూడు పూటలు. మెషిన్ కంటే ఇవే నయం, సొంతంగా చేశామన్న తృప్తి కూడా ఉంటుంది.

టైము విషయంలో మాత్రం ఈ సర్వీసు బాగా వెనకబడింది. డాక్టర్ రాసిన నొప్పి మాత్రని వ్యాయామానికి అరగంటో, ముప్పావుగంటో ముందు వేసుకుంటే కాలు సాగుతుంది. పదకొండుకి వస్తానన్న ఫిజియో రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి మూడింటికి వస్తే మాత్ర ప్రభావం దిగిపోతుంది, ఆ రోజు వంచడం నరకమవుతుంది, మర్నాడు ఫిజియో అంటేనే భయం మొదలవుతుంది. మీ ఏరియాలోనే ఉండే ఫిజియో కావాలని ముందే అడగండి.

ఇక అటెండెంట్. కుర్చీలోంచి లేవడం ఒక్కటి గమనిస్తే చాలు, మనిషికి శిక్షణ ఉందో లేదో తెలిసిపోతుంది. పేషెంట్ కుర్చీ అంచుకి జరగాలి. ఆపరేషన్ కాలు కొంచెం ముందుకి చాపి, రెండో పాదం మోకాలి కిందకి లాక్కోవాలి. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆన్చి, ముందుకి వంగి, నొక్కి లేవాలి. నిలబడ్డాకే వాకర్ అందుకోవాలి. కూర్చున్నచోటు నుంచే వాకర్ పట్టుకుని లాగితే అది మీదకే తిరగబడుతుంది. అటెండెంట్ నిలబడాల్సింది ఆపరేషన్ కాలి వైపు, అర అడుగు వెనక, నడుము దగ్గర చెయ్యి సిద్ధంగా ఉంచుకుని. ఈ ప్యాకేజీలో వచ్చేవాళ్లలో చాలామంది చంకలో చెయ్యేసి పైకి లాగేస్తారు. సాయమే అనుకుంటారు, కానీ భుజం పట్టేస్తుంది, పైగా ఎవరైనా లాగితేనే లేవగలనని పేషెంట్ మనసులో నాటుకుపోతుంది. సోఫా వద్దు. చేతులున్న, 18 నుంచి 20 అంగుళాల ఎత్తున్న గట్టి కుర్చీ కావాలి.

అద్దె వాకర్‌ని ఎత్తు సరిచేయకుండానే ఇచ్చి పోతారు. నిలబడి చేతులు కిందకి వదిలితే పిడి మణికట్టు గీత దగ్గర ఉండాలి. నాలుగు కాళ్ల బటన్లూ ఒకే రంధ్రంలో ఉన్నాయా చూడండి. అడుగున రబ్బరు బుష్‌లు నున్నగా అరిగిపోతే తడి టైల్స్ మీద జారుతుంది. కొత్తవి వేసి ఇవ్వమని గట్టిగా అడగండి.

భాష సంగతి వేరే చెప్పాలి. ఫిజియో కన్నడం మాట్లాడితే అనంతపురం మనిషికి పెద్దగా ఇబ్బంది ఉండకపోవచ్చు. అటెండెంట్‌కి హిందీయో ఒడియానో తప్ప రాకపోతేనే చిక్కు. బాత్రూమ్‌కి వెళ్లాలని చెప్పలేక నీళ్లు తాగడం తగ్గించేసే ఆడవాళ్లు ఉంటారు. దానివల్ల మలబద్ధకం, నీరసం. ఆరు మాటలు చాలు: లేస్తాను ఆగు, బాత్రూమ్, తల తిరుగుతోంది, నొప్పి ఎక్కువైంది, నేనే చేస్తా, పట్టుకోకు పక్కనుండు. వీటిని అటెండెంట్ చదవగలిగే లిపిలో రాసి గోడకి అంటించి, మొదటి పూట ఇద్దరితో పలికించండి. చివరి రెండూ ముఖ్యంగా.

వారానికొకసారి వీడియో కాల్ మంచి ఆలోచన. మూడు నెలల క్రితం ఆపరేషన్ అయినవాళ్లు మాట్లాడతారు. నా వల్ల అవుతుందన్న నమ్మకం ఎలా పుడుతుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే చెప్పారు: స్వయంగా చేసి చూడటం, తనలాంటివాళ్లు చేయగా చూడటం, నమ్మినవాళ్లు చెప్పడం, ఒంటి తీరుని సరిగ్గా అర్థం చేసుకోవడం. కాల్‌లో రెండోది ఉంది గానీ, మాట్లాడేది ఇంగ్లీషు, హిందీ. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దావిడ దాన్ని టీవీలా చూస్తూ కూర్చుంటుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే పక్క బ్లాకులో ఇదే ఆపరేషన్ అయిన తెలుగావిడ దొరకచ్చు. ఆవిడ వచ్చి కారిడార్‌లో పక్కన నడిస్తే నాలుగు వీడియో కాల్స్ పెట్టు.

పరామర్శకి వచ్చేవాళ్ల గురించి ఏ ప్యాకేజీ బ్రోచర్లోనూ ఉండదు, ఉండాలి. "మా వదినకి చేయించారు, రెండేళ్లయినా నొప్పేనంట" అన్న ఒక్క మాటకి వారం రోజుల వ్యాయామం పోతుంది. మొదటి రెండు వారాలు ఎవరు రావాలో ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. పథ్యమూ అంతే. పప్పు తింటే చీము పడుతుందని పప్పు, గుడ్డు మానిపిస్తారు. గాయం మానడానికి కావాల్సిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. డాక్టర్ వద్దంటే తప్ప ఆపొద్దు.

ఒంటి తీరు గురించి ముందే చెప్పకపోవడం ఈ ప్యాకేజీలో పెద్ద లోటు. కుట్టు గీతకి బయటివైపు చర్మం మొద్దుబారడం, నడిచేటప్పుడు లోపల టక్‌మనడం, మోకాలు నెలల తరబడి వెచ్చగా ఉండటం, సాయంత్రానికి వాపెక్కడం, ఇవన్నీ మామూలే. తెలియకపోతే ఆపరేషన్ చెడిందని రాత్రంతా ఏడుస్తారు. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, కుట్ల దగ్గర చెమ్మ, పెరిగే ఎరుపు, జ్వరం ఉన్నా అదే రోజు సర్జన్‌కి చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే క్షణం ఆలస్యం లేకుండా ఎమర్జెన్సీకి. ఈ రెండు జాబితాలూ విడివిడిగా రాసిచ్చే సంస్థకి ఎక్కువ మార్కులేయండి.

తుంటి మార్పిడికీ మోకాలికీ ఒకే వ్యాయామాల కాగితం ఇస్తుంటే మాత్రం తీసుకోవద్దు. తుంటి వెనకవైపు నుంచి ఆపరేషన్ చేసినప్పుడు 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు అని సర్జన్లు కొన్ని వారాలు కట్టడి పెడతారు. మోకాలికి ఆ నియమాలు లేవు.

డబ్బు కట్టేముందు వాడని విజిట్లకి వాపసు ఉందా, అటెండెంట్ రాకపోతే ఆ పూట బదులు ఎవరు, ఒకే ఫిజియో చివరిదాకా వస్తారా అని మెసేజ్‌లో అడిగి జవాబు దాచుకోండి. మూడు వారాల వ్యవధి గురించీ మాట్లాడుకోండి. వచ్చిన కూతురు తిరిగి వెళ్లిపోయేది, పలకరింపులు ఆగిపోయేది, దిగులు మొదలయ్యేది అప్పుడే, సరిగ్గా ఆ వారమే ప్యాకేజీ అయిపోతుంది. రెండో వారం దాటాక, కుర్చీలోంచి సొంతంగా లేచి బాత్రూమ్‌కి వెళ్లి రాగలిగితే, పగటి అటెండెంట్‌ని సగం పూటకి తగ్గించమనండి. మిగిలిన డబ్బుతో నాలుగో వారంలో ఒక విజిట్, ఆరో వారంలో ఒకటి పెట్టించుకోండి. వాకర్ వదిలి కర్ర పట్టేది సుమారు ఆ రోజుల్లోనే. కర్రని ఆపరేషన్ కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. అది మీ బ్లాకు మెట్ల దగ్గరే, ఫిజియో ఒక మెట్టు కింద నిలబడి ఉండగా, కనీసం ఐదారుసార్లు చేయించాలి.