నోటీసొస్తే తలొగ్గడమా, తలపడడమా: ఏది మేలు?

సినిమా హెల్మెట్లు, డాళ్లు, కత్తులు, కవచాలు చేసి అమ్మే కుర్రాళ్లు విశాఖలో ఇప్పుడు బాగానే ఉన్నారు. మధురవాడలో అపార్ట్‌మెంట్ బాల్కనీలో త్రీడీ ప్రింటర్ పెట్టుకున్నవాళ్లు కొందరు. గాజువాక వైపు షెడ్లలో చవితి విగ్రహాల సీజన్ అయ్యాక ఫైబర్ పని ఇటు మళ్లించినవాళ్లు కొందరు. వీళ్లలో ఎవరికి 'మా సినిమా వస్తువుల్ని కాపీ కొడుతున్నావు, ఆపు' అని పెద్ద కంపెనీ లాయరు నుంచి నోటీసు మెయిల్ వచ్చినా ఫోన్ మాత్రం నాకు వస్తుంది. "అన్నా, మొత్తం తీసేసి సారీ చెప్పెయ్యనా, ఏటయితే అదయిందని జవాబివ్వనా?"

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. ఈ ఏడాది మొదట్లో నాకూ ఒక నోటీసు వచ్చింది కాబట్టి ఈ లెక్కలన్నీ నేనూ వేసుకోవాల్సి వచ్చింది. నేను లాయర్ని కాను. లాయరు ఎదురుగా కూర్చుని విసుగొచ్చేదాకా ప్రశ్నలడిగినవాణ్ని. కాపీరైట్ అంటే సృష్టించినదాని మీద హక్కు, ట్రేడ్‌మార్క్ అంటే పేరు, లోగోల మీద హక్కు అన్నంతవరకు మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా.

ముందు తలొగ్గడం సంగతి. దీన్ని పిరికితనం అనకండి. లిస్టింగ్, అంటే ఆన్‌లైన్‌లో పెట్టిన అమ్మకం పేజీ, తీసేస్తే నూటికి తొంభై మంది విషయంలో కథ అక్కడితో సరి అని నా నమ్మకం, ఎందుకంటే కంపెనీకి కావాల్సింది మన డబ్బు కాదు. చాలాసార్లు వాళ్లు అప్పుడే వేరేవాళ్లకి లైసెన్స్ అమ్మి ఉంటారు, ఆ లైసెన్స్‌దారు కోసం దారి ఊడుస్తుంటారు. ఫైర్‌ఫ్లై సీరియల్లో ఒక పాత్ర పెట్టుకునే అల్లిక టోపీని అభిమానులు ఏళ్ల తరబడి అల్లి చేతిపనులమ్మే సైట్ ఎట్సీలో అమ్ముకున్నారు, ఫాక్స్ కంపెనీ పట్టించుకోలేదు. అధికారిక టోపీ తయారీకి లైసెన్స్ ఇచ్చాక 2013లో అల్లేవాళ్లకి నోటీసులు మొదలయ్యాయి. టోపీ మారలేదు, అల్లేవాళ్లు మారలేదు. కాబట్టి "ఇన్నాళ్లూ ఊరుకున్నారు కదా" అన్న ధైర్యానికి పెద్ద విలువ లేదు.

తలొగ్గడంలో అసలు ప్రమాదం తీసేయడంలో లేదు, నోటీసు చివర జతచేసే హామీపత్రంలో ఉంది. నాకొచ్చిన దాంట్లో ఏమున్నాయో చెప్తాను. ఇప్పటిదాకా చేసింది ఉల్లంఘనే అని ఒప్పుకోవాలి. అమ్మిన ప్రతి పీసు లెక్క, కొన్నవారి వివరాలు ఇవ్వాలి. అచ్చులు అప్పగించాలి, లేదా పగలగొట్టి ఫొటో పంపాలి. వాళ్ల లాయర్ ఖర్చులు మనం భరించాలి. వీటన్నిటి కింద, "ఇకపై పోలిన వస్తువేదీ ఎన్నడూ తయారుచేయను" అని ఒక వాక్యం. పోలిక ఎంతవరకో ఎక్కడా రాయలేదు. ఆ వాక్యం కింద సంతకం పెడితే రేపు నా సొంత ఊహతో తెల్ల హెల్మెట్ చేసినా ఒప్పందం మీరావంటారు. అప్పుడు వాళ్లు కాపీరైట్ నిరూపించక్కర్లేదు, నా సంతకం చూపిస్తే చాలు. లిస్టింగ్ తీసేయడానికి ఒక్క క్లిక్కు చాలు. ఈ కాగితం మీద సంతకం పెట్టడం వేరే నిర్ణయం. భయంలో ఉన్నవాడు రెండిటినీ ఒకే పూట కానిచ్చేస్తాడు, వాళ్లకి కావాల్సిందీ అదే.

ఇక తలపడడం. ప్రాప్‌లు, అంటే సినిమాల్లో వాడే వస్తువులు, చేసేవాళ్లందరూ చెప్పుకునే వీరగాథ ఆండ్రూ ఐన్స్‌వర్త్‌ది. స్టార్ వార్స్ మొదటి సినిమాకి 1976లో స్టార్మ్‌ట్రూపర్ (తెల్ల కవచం సైనికుల) హెల్మెట్లు ప్లాస్టిక్‌లో పోసి ఇచ్చిన ఇంగ్లండు మనిషి. 2004లో మళ్లీ చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ సినిమా తీసిన లూకాస్‌ఫిల్మ్ అమెరికాలో కేసు వేసింది, ఈయన వెళ్లకపోవడంతో 2006లో రెండు కోట్ల డాలర్ల తీర్పు పడింది. దాన్ని వసూలు చేయడానికి ఇంగ్లండు వచ్చి మళ్లీ పోరాడితే 2011లో అక్కడి సుప్రీంకోర్టు ఆ హెల్మెట్ శిల్పం కాదని, సినిమా తీయడానికి వాడుకున్న వస్తువని తేల్చింది. శిల్పం కాకపోతే ఆ దేశంలో శిల్పానికున్నన్నేళ్ల కాపీరైట్ రక్షణ దానికి లేదు. మనవాళ్లు కథ ఇక్కడితో ఆపేస్తారు. అదే తీర్పులో రెండో సగం ఉంది: అమెరికాకి పంపిన హెల్మెట్ల విషయంలో అమెరికా కాపీరైట్ చట్టం కింద ఇంగ్లండు కోర్టులోనే ఆయన్ని నిలదీయొచ్చు. డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుక్కి ఒకటి, వాడి ఆఫీసు స్నేహితులకి నాలుగు కొరియర్ చేసే మన అలవాటుకి ఈ సగమే వర్తిస్తుంది. అక్కడి కోర్టులు పాత్రలకి ఇచ్చే రక్షణా గట్టిదే. బ్యాట్‌మన్ కారు బ్యాట్‌మొబైల్‌కి నకళ్లు చేసి అమ్మిన మార్క్ టౌల్ మీద డీసీ కామిక్స్ 2015లో గెలిచింది. కారు కూడా ఒక పాత్రేనంది కోర్టు.

మన దేశంలో ఏముంది? ఇక్కడ ఫ్యాన్లకి పనికొచ్చే మాట ఒకటి కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ రెండో భాగంలో ఉంది. వస్తువుల ఆకారాన్ని, రూపాన్ని కాపాడే డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకోగలిగి ఉండీ చేసుకోని డిజైన్ ప్రకారం యజమానిగాని, అతని అనుమతితో మరొకరుగాని పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి వస్తువులు తీస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. కంపెనీ హెల్మెట్ బొమ్మల్ని వేలల్లో పోసి షాపింగ్ మాల్‌లో పెడుతోంది, ఇక్కడ డిజైన్ నమోదు లేదు అనుకోండి. అప్పుడు ఆకారం గురించి మాట్లాడటానికి మన నోట్లో ఒక మాట ఉంటుంది. నమోదై ఉన్నా అది పదేళ్లు, పొడిగిస్తే ఇంకో అయిదేళ్లు.

కంపెనీ ఊరుకోదు. "అసలు గీసిన బొమ్మ కళాఖండం, దాని హక్కు మాదే, నువ్వు దాన్నే మూడు కొలతల్లో తీశావు" అంటుంది. ఈ పేచీ మీద సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో క్రయోగ్యాస్ కేసులో రెండు ప్రశ్నలు వేసుకోమంది. ఇది శుద్ధ కళాకృతా, లేక కళాకృతి నుంచి పుట్టి ఫ్యాక్టరీలో వస్తువైన డిజైనా? దాంతో తేలకపోతే, అందులో ప్రధానంగా ఉన్నది ప్రయోజనమా, అందమా? ఆ కేసు గ్యాస్ రవాణా చేసే ట్రెయిలర్ల గురించి. మన హెల్మెట్‌ని ఈ ప్రశ్నల ముందు నిలబెడితే రెండు వైపులా వాదించొచ్చు. తలకి పెట్టుకునేది కాబట్టి వస్తువే అంటాను నేను. దాన్ని పెట్టుకుని ఎవరూ బండి నడపరు కదా అంటాడు వాళ్ల లాయరు. తీసిపారేయలేని మాట.

అదే మీరు చేసేది పాత్ర విగ్రహమో, ముఖమో అయితే ఈ దారి మర్చిపోండి. శిల్పానికి, దాని అచ్చుపోతలకి చట్టంలో నేరుగా రక్షణ ఉంది. పాత్రకీ ఉంది: నాగరాజ్ అనే కామిక్స్ హీరోని పోలిన నాగేశ్ పాత్రని 1990ల్లోనే ఢిల్లీ హైకోర్టు ఆపింది. నటుడి ముఖం అయితే అది మరో గొడవ. 2023లో అనిల్ కపూర్, 2025లో మన నాగార్జున తమ రూపాన్ని అనుమతి లేకుండా వాడుకోకూడదని ఢిల్లీ హైకోర్టు నుంచే ఉత్తర్వులు తెచ్చుకున్నారు. హీరో ముఖంతో చవితి విగ్రహం చేయమని కమిటీలు అడిగినప్పుడు ఇది గుర్తుంటే మంచిది.

తలపడాలంటే చట్టం ఒక్కటే చాలదు, కోర్టు ఎక్కడుందో చూసుకోవాలి. విశాఖలో వాణిజ్య వివాదాలకి కోర్టు ఉంది, కానీ కంపెనీ ఇక్కడికి రాదు. కాపీరైట్, ట్రేడ్‌మార్క్ చట్టాలు తన వ్యాపారం ఉన్నచోట దావా వేసుకునే వీలు కంపెనీకి ఇచ్చాయి. దావా విలువ రెండు కోట్లు దాటిందని కడితే ఢిల్లీ హైకోర్టులో నేరుగా వేయొచ్చు. మన మాట వినకముందే మధ్యంతర ఉత్తర్వు రావొచ్చు, కోర్టు పంపిన లోకల్ కమిషనర్ గాజువాక షెడ్డు తలుపు తట్టి సరుకు లెక్కరాసుకోవచ్చు. ఇప్పుడు విచారణలు వీడియోలో నడుస్తున్నాయి నిజమే, ఢిల్లీ లాయరు ఫీజు మాత్రం వీడియోలో చిన్నదిగా కనబడదు. ఆట బొమ్మ సైనికుల్ని అమ్మే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ మీద అమెరికాలో నిలబడ్డ చాప్టర్‌హౌస్ అనే చిన్న సంస్థకి లాయర్లు ఉచితంగా వాదించారు. 2010లో మొదలైన కేసులో 2013లో జ్యూరీ కొన్నిట్లో కంపెనీ మాట, కొన్నిట్లో వీళ్ల మాట నెగ్గించి పాతికవేల డాలర్లు కట్టమంది. ఉచిత లాయర్లు లేకుంటే ఆ సగం గెలుపు కూడా ఉండేది కాదు.

పోలీసు భయం మాటేమిటంటారా? ఉత్తదేమీ కాదు. కాపీరైట్ ఉల్లంఘన నేరానికి వారెంట్ లేకుండా పట్టుకోవచ్చని, బెయిల్ హక్కుగా రాదని 2022లో సుప్రీంకోర్టు నిట్‌ప్రో కేసులో చెప్పింది. చిన్నవాళ్ల దాకా మామూలుగా రాదు, కానీ నోటీసులో ఆ నేరానికి శిక్ష చెప్పే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కనబడితే వెక్కిరింపు జవాబులు రాయొద్దు.

ఈ రెండిట్లో నేనేం చేశానంటే, రెండూ చేశాను. నోటీసుని పెన్సిల్ పట్టుకుని చదివాను. నా లిస్టింగ్ స్క్రీన్‌షాట్ మీద ఎర్రగీత డబ్బా గీశారు. ఆ డబ్బా హెల్మెట్ చుట్టూ లేదు. పైన శీర్షిక చుట్టూ ఉంది: సినిమా పేరు, పాత్ర పేరు, దాని పక్కన "ఒరిజినల్ సైజ్". ఇంకో డబ్బా ప్యాకింగ్ అట్టమీది లోగో చుట్టూ. మూడోది పోస్టర్ నుంచి తీసుకున్న బ్యాక్‌గ్రౌండ్ చుట్టూ. ఆకారం గురించి ఒకే పేరా, అందులో డిజైన్ నమోదు నంబరు లేదు. నాకు నిర్ణయాన్ని తేల్చింది ఇదే. పేరు, లోగోల విషయంలో నా దగ్గర వాదనే లేదు. ట్రేడ్‌మార్క్ పదేళ్లకోసారి రెన్యూ చేసుకుంటూ పోతే ఎప్పటికీ చావదు, యాభై వస్తువుల మినహాయింపు దానికి లేదు. కింద "ఫ్యాన్ మేడ్" అని రాసినంత మాత్రాన కాపాడదు. పైగా న్యాయంగా చూసినా పేరు వాళ్లదే. ఏటికొప్పాక లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి సరుక్కే ఆ పేరు అన్న హక్కు) వస్తే మనమంతా సంబరపడ్డాం. ఎవడో ఫ్యాక్టరీలో తీసిన బొమ్మని ఆ పేరుతో అమ్మితే అంకుడు కర్ర చెక్కేవాడి కడుపు మండదా?

అందుకని పేరు, లోగో, పోస్టర్ బొమ్మ ఆ రోజే తీసేశాను. ఆకారం విషయంలో మా ఊరి లాయరు చేత జవాబు రాయించాను: తప్పు ఒప్పుకోవడం కాకుండా ఇవి తొలగించాం, ఆకారం మీద డిజైన్ నమోదు ఉంటే నంబరు పంపండి, హామీపత్రం ఈ రూపంలో ఇవ్వలేం. పేటెంట్ ఆఫీసు సైట్‌లో డిజైన్లు, ట్రేడ్‌మార్కులు ఎవరైనా వెతుక్కోవచ్చు, నేను ముందే వెతికి పెట్టుకున్నాను. ట్రేడ్‌మార్కులు సరుకు రకాన్ని బట్టి క్లాసులుగా ఉంటాయి, బొమ్మలకి 28, దుస్తులకి 25 క్లాసుల్లో చూడండి. వాళ్ల నుంచి చిన్న మెయిల్ ఇంకొకటి వచ్చింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. దాన్ని గెలుపని ఎవరికీ చెప్పలేదు, దావాకి మూడేళ్ల గడువుంటుంది.

దీనికి ఖరీదు లేకపోలేదు. పేరు లేకపోతే వెతికేవాడికి మన వస్తువు దొరకదు. అమ్మకాలు పడిపోయాయి. ఇప్పుడు ఆర్డర్లు తెలిసినవాళ్ల నోటిమాట మీద, బీచ్ రోడ్డులో ఎవరో పెట్టుకుని ఫొటో దిగితే దాన్ని చూసి వస్తున్నాయి. ఒక్కోటి అడిగినవాడి తల కొలతతో చేస్తున్నా. విగ్రహాలు, ముఖాలు మానేశాను. అమెరికా కొరియర్ కూడా మానేశాను, ఇంట్లోవాళ్లు ఎంత మొహం ముడుచుకున్నా సరే. అసలు అమ్మకపోతేనే నయం అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లదీ సబబే: ఐన్స్‌వర్త్ మీద పడ్డ లూకాస్‌ఫిల్మే, అమ్మకం పెట్టుకోకుండా ఆ కవచాలు సొంతానికి చేసుకుని దానధర్మాల కార్యక్రమాలకి వెళ్లే 501వ లీజియన్ అభిమానులతో దశాబ్దాలుగా సఖ్యంగా ఉంది. కానీ షెడ్డు అద్దె సఖ్యతతో కట్టలేం.

మిగతా దారులు క్లుప్తంగా. లైసెన్స్ అడగడం: అడగండి, నష్టం లేదు, కానీ అమ్మినా అమ్మకపోయినా ఇంత ఇస్తామన్న కనీస గ్యారంటీ మొత్తం ముందు కట్టమంటారు, అది మన స్థాయి బేరం కాదు. కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ కింద ఆధారం లేని బెదిరింపు నోటీసు మీద మనమే ముందు కోర్టుకెళ్లడం: కంపెనీ నిజంగా దావా వేసి నడిపితే ఆ ఆయుధం చెల్లదు, పడుకున్నవాణ్ని లేపి మరీ తన్నించుకున్నట్టు. వేరే పేరుతో ఇంకో అకౌంటు తెరవడం: వద్దు, కావాలని చేశాడనడానికి సాక్ష్యం మనమే రాసిచ్చినట్టు. ఫంక్షన్లకి అద్దెకివ్వడం: డబ్బులు బాగానే వస్తాయి, తిరిగొచ్చేసరికి వైజర్ విరిగి ఉంటుంది.

సైట్‌వాడు తీసేసిన లిస్టింగ్ గురించి కూడా అడుగుతున్నారు. కాపీరైట్ ఫిర్యాదయితే, 21 రోజుల్లో కంపెనీ కోర్టు ఉత్తర్వు తేకపోతే సైట్ మళ్లీ పెట్టుకోవడానికి చట్టంలో వీలుంది. వీలు మాత్రమే, తప్పనిసరి కాదు, చాలా సైట్లు పెట్టవు. అయినా ఇరవై రెండో రోజున ఒక మెయిల్ కొట్టండి. పాత శీర్షికతో మాత్రం అడగొద్దు.