ఎగిరే హీరోనా, నీళ్ల రుచి తెలిసిన పిల్లా? చిన్ననాటి కలను నవల చేయాలంటే ఏది మేలు

తొమ్మిదేళ్ల వయసులో నాకు నేనే హీరోని. నాయన తువ్వాల మెడకు ముడేసుకొని అరుగు మీంచి దూకితే చాలు, ఆకాశంలోకి లేచేదాన్ని. నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర మా ఊరు. ఎగిరి నేను పోయేది శత్రువుల మీదికి కాదు, బోరింగ్ దగ్గరికి. దాని మీద చెయ్యి పెట్టగానే నీళ్లు మంచివయ్యేవి, ఆ నీళ్లు తాగి నాయనమ్మ వంగిన నడుము లేపి నిలబడేది. రోజూ అదే కల, ఒక్క ముక్క కూడా మారేది కాదు.

ఇప్పుడు ఆ కలనే పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు చదివే నవలగా రాస్తున్నాను. మూడు రకాలుగా మొదలుపెట్టి చూశాను. మీ దగ్గరా ఇలాంటి పగటికల ఒకటి దాగి ఉంటే, ఏ దారి ఎక్కడిదాకా పోతుందో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

మొదటిది, కలను ఉన్నదున్నట్టు రాయడం. ఇందులో ఉన్న హుషారు మిగతా రెండింటిలో లేదు. మూడు అధ్యాయాలు పది రోజుల్లో అయిపోయాయి. తర్వాత కథ ఆగిపోయింది. ఒక బోరింగ్ బాగైంది, ఒక ఊరు బాగైంది, ఇంకో ఊరు బాగైంది. తాకితే అయిపోయే పనికి భయం ఎక్కడుంటుంది, టెన్షన్ ఎక్కడుంటుంది?

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మా జిల్లాలోనే నాగార్జునసాగర్ ఉంది. 1955లో పునాది వేశారు, 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. మా మెట్ట ఊళ్లకు మాత్రం ఆ నీళ్లు ఎక్కలేదు. బోర్లు లోతుకు పోయాయి, రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి పైకి వచ్చింది, ఆ నీళ్లు తాగి తాగి మనుషుల ఎముకలు వంగిపోయాయి. ఆ గోస దేశానికి వినపడాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో జనం వందలకొద్దీ నామినేషన్లు వేశారు. నల్లగొండ బరిలో 480 మంది నిలబడ్డారు, బ్యాలెట్ పేపర్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. నా హీరో వచ్చి చెయ్యి పెట్టి అంతా నయం చేస్తే, వాళ్లు పడ్డ పాట్లు కథలో ఎందుకూ కొరగాకుండా పోతాయి. మా వాళ్లకు ఆ అన్యాయం నేను చేయలేను. ఆ మూడు అధ్యాయాలు పక్కన పెట్టేశాను.

రెండోది, శక్తి అనేదే లేకుండా రాయడం. పిల్ల కల కంటుంది, అంతే. ఊళ్లో ఏం జరిగిందో అదే జరుగుతుంది. ఇందులో నాయనమ్మ బాగా కుదిరింది. ఆమె మెడ తిరిగేది కాదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే రెండు చేతులతో గోడ పట్టుకొని, పాదాలు కొంచెం కొంచెంగా జరుపుకుంటూ, మనిషంతా తిరిగేది. తిరిగేలోపు పిలిచినవాళ్లే ముందుకు వచ్చి నిలబడేవాళ్లు. ఈ మూడు వాక్యాలు ఏ దారిలో రాసినా నవలలో ఉండాల్సిందే.

కానీ ఎనిమిదో తరగతి చదివే మా అన్న బిడ్డ నలభై పేజీలు చదివి, "అత్తా, తువ్వాల కట్టుకున్నదని మొదటి పేజీలనే చెప్పినవ్. మరి ఎప్పుడు ఎగురుతది?" అని అడిగింది. అది సరైన ప్రశ్న. తువ్వాల చూపించానంటే మాట ఇచ్చినట్టే. పెద్దవాళ్ల దుఃఖాన్ని పిల్ల పేరు పెట్టి రాశానే తప్ప, పిల్లల కోసం రాయలేదు. పెద్దల నవల రాసేవాళ్లకు ఈ దారే మంచిది. టీనేజ్ పిల్లలకు కాదు.

మూడోది, శక్తి ఉంటుంది, కానీ చిన్నది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తాగే నీళ్లలో ఉండే మోతాదుకు రుచి కూడా తెలియదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు, కానీ చెంబులో చూసి ఆ తేడా ఎవరూ చెప్పలేరు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు మరకలు వచ్చాకే తెలుస్తుంది. అందుకే నా పద్నాలుగేళ్ల పిల్లకు ఆ రుచి తెలిసే నాలుక ఇచ్చాను. తెలుసుకోగలదు, తీసేయలేదు. తెలుసుకోవాలంటే ఒక గుక్క మింగాలి. మింగిన ప్రతి గుక్కా ఆమె ఎముకల్లోకే పోతుంది.

ఒకే ఘట్టాన్ని రెండు రకాలుగా రాసి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది. మొదటి దారిలో ఇలా వచ్చింది: "ఆమె చెయ్యి తగలగానే బోరింగ్ నీలంగా మెరిసింది. ఊరంతా చప్పట్లు కొట్టింది." మూడో దారిలో ఇలా: "దోసిట్లో పట్టి ఒక గుక్క మింగింది. నాలుక చివర సూదితో గుచ్చినట్టయింది. బిందె పట్టుకొని నిలబడ్డ పెద్దమ్మ 'ఎట్లున్నయే నీళ్లు?' అన్నది. ఆ బోరు కోసమే పెద్దమ్మ పుస్తెలతాడు కుదువబెట్టింది." చప్పట్లతో అక్కడ కథ అయిపోయింది. ఇక్కడ ఆ పిల్ల ఏం చెబుతుందో తెలియాలంటే పేజీ తిప్పాలి.

ఈ దారిలో కథ తనంతట తానే నడిచింది. నీళ్లు కాచి పోస్తే బిడ్డలకు మంచిదని తల్లి నమ్ముతుంది. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆ మాట తల్లికి ఎవరు చెప్పాలి? వాడలో అందరికీ ఉచితంగా నీళ్లు పోసే ఆసామి బోరే అన్నిటికంటే చెడ్డదైతే? వీటిలో ఒక్కటి కూడా నేను కష్టపడి కల్పించలేదు.

మందు కూడా మా జిల్లా పేరుతోనే ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో తయారుచేసిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైతేట తీసుకుంటారు. ఎంత పటిక వేయాలన్నది ఆ నీళ్లను బట్టి మారుతుంది. నవలలో సైన్స్ సారు బకెట్‌లో కలుపుతాడు, సరిపోయిందో లేదో పిల్ల నాలుక చెబుతుంది. ఇద్దరిలో ఏ ఒక్కరితోనూ పని కాదు.

ఈ దారిలో ప్రమాదం ఒకటే. చివరికి వచ్చేసరికి శక్తిని పెంచాలని చెయ్యి లాగుతుంది. ఒక ప్రతిలో ఆ పిల్ల ఉమ్మితే బావి మొత్తం శుభ్రమైంది! మర్నాడే కొట్టేశాను.

శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. మా జిల్లాలోని పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా ఒక నీడ కదలకుండా ఉంటుంది. అక్కడి నుంచే వచ్చిందని రాయాలని చాలా ఆశపడ్డాను. కానీ స్తంభాలూ వెలుగూ లెక్కగట్టి ఆ నీడను నిలబెట్టిన శిల్పుల పనితనాన్ని మాయ అనడం తప్పు. అందుకే శక్తికి కారణం చెప్పకుండా వదిలేశాను. బొమ్మల కథగా చేయమని కూడా కొందరు అన్నారు. ఎగరడం బొమ్మలో అందంగా వస్తుంది, రుచి రాదు. భాష దగ్గర ఎక్కువ ఆలోచించలేదు: మాటలు మా ఊరివి, కథనం అందరికీ తెలిసే తెలుగు.

కాలం మాత్రం 1996. మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణ నీళ్లు చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ బ్యాలెట్ పుస్తకం సంగతి తెలియాలి. ఆ 480 మందిలో ఒకరిగా పిల్ల తండ్రిని నిలబెట్టాను.

తువ్వాల తీసేయలేదు. బకెట్‌లో తేరిన నీళ్లను ఆ పిల్ల నాయన తువ్వాలలోనే వడగడుతుంది. మా అన్న బిడ్డ ఆ పేజీ దగ్గర ఆగి, "అయితే ఎగరదా?" అని మళ్లీ అడిగింది. ఒక్కసారి ఎగురుతుంది, మూడో అధ్యాయం చివర, నిద్రలో, బోరింగ్ దాకా. ఆ అరపేజీ తీసేయమని ఎవరు చెప్పినా ఒప్పుకోను.